వాతావరణ శాఖ: దాని యేర్పాటు, రైతునకు దాని యుపయోగము

వాన యెప్పుడు కురియుననుటకంటె రైతునకు ముఖ్యమైన ప్రశ్న వేఱొకటి లేదు. కార్తెలనుబట్టియు గాలివాటమును గనిపెట్టియు మన పెద్దలు సేద్యము సాగించిరి. ఆ యనుభవము విలువగలదియే. అయినను బంగాళాఖాతమున నూరామడల దూరమున పుట్టిన వాయుగుండము పొలముగట్టున నిలిచినవానికి గానరాదు. దానిని గనిపెట్టుటకు దేశమంతటికి నొక యేర్పాటు కావలెను. అదియే భారత వాతావరణ శాఖ. అది యెట్లు నడచుచున్నదో, దాని మాటను మనమెట్లు గ్రహింపవలయునో సభ్యులకు దెలుపుటకై దీనిని వ్రాయుచున్నాము.

శాఖ పుట్టుక

1864వ సంవత్సరము అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1వ తేదీ రాత్రి మన బందరును ఘోరమైన తుపానులు ముంచెత్తినవి. బందరు ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. పిమ్మట 1866లోను 1871లోను వానలు తప్పినవి. ఈ యనర్థముల పిదప 1875లో ప్రభుత్వమువారు ఈ శాఖను స్థాపించి హెన్రీ బ్లాన్‌ఫర్డుగారిని దానికి నియమించిరి. ప్రధాన కార్యాలయము కలకత్తానుండి 1905లో సిమ్లాకు, 1928లో పూనాకు, 1944లో ఢిల్లీకి మారినది. సేద్యముకొఱకు ప్రత్యేక విభాగము 1932లో పూనాలో నేర్పడినది.

నేటి యేర్పాటు

శాఖ నేడు కేంద్ర ప్రభుత్వమువారి భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ క్రింద నున్నది. ఢిల్లీలో డైరెక్టరు జనరలు గలరు. ఆయన క్రింద చెన్నై, ముంబయి, కలకత్తా, నాగపూరు, గౌహతి, ఢిల్లీ పట్టణములందు ఆఱు ప్రాంతీయ కేంద్రములు, వానికి లోబడి రాష్ట్ర కేంద్రములు గలవు. మనకు హైదరాబాదునందును అమరావతియందును కేంద్రములున్నవి. విశాఖపట్టణమున తుపాను హెచ్చరిక కేంద్రము గలదు.

ఈ కార్యాలయములకు సమాచార మెట్లు వచ్చును? ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు వానకొలత పాత్రలను చూచి, గడచిన 24 గంటల వర్షమును నమోదు చేయుదురు. విశాఖపట్టణము, హైదరాబాదు మున్నగు చోట్లనుండి పరికరములు గట్టిన బెలూనులను మీదికి వదలి పైగాలుల వేడిమిని, తేమను గ్రహింతురు. మచిలీపట్టణములోని రాడారు మేఘములను వెదకును. ఆకాశమునుండి ఇన్సాటు ఉపగ్రహములు చిత్రములు పంపును. ఇవన్నియు పెద్ద గణనయంత్రములలో లెక్కకు వచ్చిన పిమ్మట నిపుణులు పరిశీలించి సూచన వెలువరింతురు.

మాటల యర్థము

“వాన పడునన్నారు, చుక్క రాలలేదు” అని పలువురు నిందించుట మేము వినుచున్నాము. శాఖవారి మాటకు కొలత గలదు. “ఒకటి రెండు చోట్ల” యనగా ఆ ప్రాంతపు వానకొలత కేంద్రములలో నాల్గవ వంతుకు మించక వాన పడునని యర్థము. “కొన్ని చోట్ల” యన్న సగమువఱకు, “చాల చోట్ల” యన్న ముప్పాతికవఱకు, అంతకు మించిన “దాదాపు అన్ని చోట్ల” యందురు. “భారీ వర్షము” అనగా ఒక దినమున 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వఱకు.

కావున “ఒకటి రెండు చోట్ల” యన్న మాటను నమ్మి విత్తనము పొడినేలలో చల్లుట జూదమే. కాని కల్లములో ధాన్యమున్నప్పుడు ఆ మాటకే పట్టాలు కప్పుట వివేకము. కప్పుటకగు శ్రమ స్వల్పము, తడిసిన ధాన్యపు నష్టము పెద్దది.

రంగులనుగూడ నెఱుగవలెను. పసుపు గమనింపుమనియు, నారింజ సిద్ధముగ నుండుమనియు, ఎఱుపు వెంటనే పూనుకొనుమనియు తెలుపును. తుపాను విషయమున అధికారులకు 72 గంటలు ముందుగను, పిదప తీరవాసులకు 48 గంటలు, 24 గంటలు ముందుగను హెచ్చరికలు వచ్చును. వరి కోతల కాలమున 48 గంటల హెచ్చరిక మిక్కిలి విలువైనది. అప్పుడు పనలెత్తి కుప్ప వేసికొనుటకు వ్యవధి యుండును. మఱునాటిదాక నాగిన కూలీలు దొరకరు.

సంఘముల కర్తవ్యము

ప్రతి మంగళ శుక్రవారములందు వ్యవసాయ విశ్వవిద్యాలయముల నిపుణులు శాఖవారితో గలిసి జిల్లాలవారిగా సలహాలను తెలుగున వెలువరింతురు. ఎరువు వేయుటకు, మందు చల్లుటకు తగిన దినములు వానియందుండును. చేతిఫోనులోని “మేఘదూత్” ద్వారముననుగూడ నవి లభించును. అయినను ఫోను లేనివారు, చదువురానివారు మనలో పెక్కండ్రు గలరు. ప్రతి సంఘమును ఆ రెండు దినములందు సలహాను కార్యాలయపు పలకపై పెద్ద యక్షరములతో వ్రాయించి, చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. ఢిల్లీనుండి జిల్లావఱకు వచ్చిన వార్తను చేనివఱకు జేర్చుట సంఘమువారి పని.