ఒక వడ్లగింజకు ఎన్ని పేర్లు!

బియ్యం కొట్లో బస్తాల మీది పేర్లు ఎప్పుడైనా వరుసగా చదివారా? ఒకదానిమీద సాంబ మసూరి, పక్కదానిమీద సోనా మసూరి, దాని వెనక కర్నూలు సోనా. తెనాలి, రేపల్లె వైపు రైతులనడిగితే "బీపీటీలు వేశాం" అంటారు. తమిళనాడుకు వెళితే అదే ఆంధ్రా పొన్ని!

చాలాసార్లు ఇవన్నీ ఒకే వంగడం. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన ఆ వంగడం అసలు గుర్తు బి.పి.టి. 5204. బి.పి.టి. అంటే బాపట్ల, 5204 అక్కడి వరుస సంఖ్య. ఇలాగే మార్టేరు రకాలకు ఎం.టి.యు. అనీ, నెల్లూరు రకాలకు ఎన్.ఎల్.ఆర్. అనీ గుర్తులున్నాయి.

మరి మసూరి ఎక్కడిది? కటక్‌లో ఇండికా, జపానికా వరులను సంకరపరచగా వచ్చిన సంతతి నుంచి ఎంపికచేసి, 1965లో మలేషియాలో విడుదల చేసిన రకమది. మన శాస్త్రజ్ఞులు జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్ 1 అనే రకాలను ఈ మసూరితో కలిపి సాంబ మసూరిని రూపొందించారు. సోనా అనే రకాన్ని మసూరితో సంకరపరచగా వచ్చిన బి.పి.టి. 3291 అసలైన సోనా మసూరి. ఇదీ బాపట్లదే. కాని కొట్లో ఆ పేరుతో దొరికేది ఎక్కువగా 5204!

ఎలా పిలిస్తేనేం, అన్నం అన్నమే గదా అంటారేమో. స్కేటుబోర్డు ఆడేవాళ్ళు ఒకే విన్యాసాన్ని 360 ఫ్లిప్ అనీ, ట్రే ఫ్లిప్ అనీ అంటారు. వాళ్ళకొచ్చే నష్టమేమీ లేదు. విత్తనం సంగతి అలా కాదు. నెల్లూరు మసూరి అనే ఎన్.ఎల్.ఆర్. 34449 ఇంచుమించు నాలుగు నెలల్లో కోతకొస్తుంది. సాంబ మసూరికి దాదాపు అయిదు నెలలు కావాలి. "మసూరి విత్తనాలివ్వండి" అని మాత్రమే అడిగి తెచ్చుకుంటే, కాలువ చివరి భూముల రైతుకు నీటి లెక్క నెల రోజులు తప్పుతుంది.

ఇంకో చిక్కు చూడండి. సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు బెడద ఎక్కువ. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, సి.సి.ఎం.బి. కలిసి ఆ తెగులును తట్టుకొనే మూడు జన్యువులను అందులో చేర్చి, 2008లో "మెరుగుపరచిన సాంబ మసూరి"ని విడుదల చేశాయి. రెండు గింజలనూ దోసిట్లో పోసుకుని చూసినా తేడా కనిపించదు.

ధ్రువీకరించిన విత్తనాల సంచికి నీలం చీటీ ఉంటుంది. రకం, లాటు నంబరు దానిమీదే రాస్తారు. నారుమడికి మీ ఇంట్లో సంచి విప్పే రోజున ఆ చీటీ పారేయకుండా అడిగి తీసుకొని చదవండి.