అద్దానికి చుక్కల ముగ్గు

షికాగోలో ఉండే మనవాళ్లకు అద్దాల మేడలు కొత్త కాదు. ఉక్కు చట్రం, చుట్టూ నిలువెత్తు అద్దం... ఈ తరహా కట్టడాలకు మా ఊరు పుట్టినిల్లు లాంటిది. 1938లో జర్మనీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో రూపొందించిన జంట టవర్లు 1951లో మిషిగన్ సరస్సు ఒడ్డున వెలిశాయి. ఆ తర్వాత ఎన్నో నగరాలు ఇదే బాట పట్టాయి. మన గచ్చిబౌలి భవనాలూ ఆ వరుసలోవే.

ఆరు నెలల చలిలో ఇంట్లోకి వచ్చే ఆ కాస్త వెలుతురు విలువ ఇక్కడ ఉన్న నాకు తెలుసు. అందుకే అద్దం వద్దని అనలేను. కానీ అది పక్షులకు కనబడదు. అద్దంలో కనిపించే చెట్టును నిజం చెట్టే అనుకుంటాయి. రాత్రిళ్లు లోపలి దీపాలకు దారి తప్పుతాయి. వేగంగా వచ్చి ఢీకొంటాయి.

2023 అక్టోబరు 5న తెల్లవారేసరికి, ఇక్కడి మెక్‌కార్మిక్ ప్లేస్ లేక్‌సైడ్ సెంటర్ చుట్టూ దాదాపు వెయ్యి పిట్టలు చచ్చి పడివున్నాయి. చలికాలం వస్తోందని దక్షిణానికి వలస వెళ్తున్నవే అన్నీ. నేలపట్టుకు వలస పక్షులు వస్తే పండగ చేసుకునే వాళ్లం మనం. ఆ వార్త చదివాక చాలా రోజులు మనసు మనసులో లేదు. మరుసటి ఏడాది వేసవిలో ఆ అద్దాలన్నిటికీ చిన్న చిన్న చుక్కలున్న ఫిల్మ్ అంటించారు. ఖర్చు సుమారు 12 లక్షల డాలర్లు. ఆ సీజన్‌లో మరణాలు దాదాపు 95 శాతం తగ్గాయి.

పెద్ద భవనాల గొడవ మనకెందుకు అనుకోవద్దు. అమెరికాలో ఏటా 36.5 కోట్ల నుంచి దాదాపు 100 కోట్ల దాకా పక్షులు ఇలా చనిపోతున్నాయని 2014లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో ఆకాశహర్మ్యాల వాటా ఒక శాతం లోపే. 44 శాతం మరణాలు మామూలు ఇళ్ల దగ్గరే. అంటే మన ప్యాటియో డోర్, మన లివింగ్ రూమ్ కిటికీ!

చేయాల్సింది చిన్న పనే. అద్దానికి బయటివైపు, రెండేసి అంగుళాల ఎడంతో చుక్కలు పెట్టాలి. లోపలివైపు పెడితే ప్రతిబింబం చాటున మరుగున పడతాయి. ఒకటి రెండు గద్ద స్టిక్కర్లతో ఫలితం ఉండదు. చుక్కల టేపు దొరుకుతుంది, పిల్లల టెంపెరా రంగైనా సరిపోతుంది. హెచ్‌ఓఏ నిబంధనలు ఒకసారి చూసుకోండి. వసంతంలో, శరత్కాలంలో రాత్రి పడుకునే ముందు అక్కర్లేని లైట్లు ఆర్పేయండి.

మా ప్యాటియో డోర్‌కు చుక్కలు పెట్టింది ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, మా అమ్మాయి. స్కేలు తెస్తానంటే అత్తయ్యగారు వద్దన్నారు. ముగ్గు పెట్టే చేతికి ఎడం ఎంతో వేరే చెప్పాలా?