బొటీక్ ఆంప్ కొంటున్నవా తమ్మీ? ముందుగల్ల ఎర్తింగ్ సూడు

బొటీక్ అంటే మన దిక్కు ఆడోళ్ల జాకెట్లు కుట్టే దుకాణం. మగ్గం వర్కు, లేసులు, అద్దాలు. పోయినేడు మా మండలం పిల్లగాడొకడు ఫోన్ చేసి "అన్నా, హైదరాబాద్ల బొటీక్ ఆంప్ సెకండ్ హ్యాండ్ల దొరుకుతుంది, జర వచ్చి సూస్తవా?" అంటే నాకు సమజ్ కాలే. జాకెట్లకు నన్నెందుకు పిలుస్తున్నడని అడిగిన. వాడు నవ్విండు.

ఆ పిల్లగాడు ఆదివారం చర్చిల గిటార్ వాయిస్తడు. మిగిలిన దినాల మా కళాబృందంల వాయిస్తడు. వాళ్లమ్మ బీడీలు చేస్తది. చిట్టీ ఎత్తి 70 వేలు కొడుకు చేతుల వెట్టింది. ఆ పైసల ఎన్క ఎన్ని వేల బీడీలున్నయో లెక్కేసుకుంటే నాకు భయమైంది. ఎందుకంటే గసుంటి డబ్బ ఒకటి నేను నా చేతులతోని కాలవెట్టిన. గందుకే ఇది రాస్తున్న. ఫోన్ల వీడియోలు సూసి "ట్యూబ్ ఆంప్ కావాలె" అని కలలు కంటున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఊర్లల్ల మస్తు మందే ఉన్నరు.

గీ ట్యూబ్ ఏంది, గా బొటీక్ ఏంది?

మీ తాతనడుగున్రి, పాత మర్ఫీ, బుష్ రేడియోల గురించి చెప్తడు. స్విచ్ ఏసినంక జరసేపు సప్పుడే రాకపోయేది. లోపల గాజు బుడ్లు ఎర్రగ ఎలిగి, వేడెక్కినంకనే పాట వచ్చేది. మనం వాటిని వాల్వులు అన్నం. అమెరికోళ్లు ట్యూబులంటరు. బెంగళూరుల మన సర్కారు కంపెనీ బీఈఎల్ కూడా ఒకప్పుడు ఈ వాల్వులు తయారు చేసింది. ట్రాన్సిస్టర్ వచ్చినంక రేడియోలకు వాల్వుల పని అయిపోయింది. గిటారోళ్లు మాత్రం ఇడ్వలే.

ఎందుకంటే ట్యూబుకు ఒక గుణం ఉన్నది. దాని తాకత్ కంటే ఎక్కువ సప్పుడు అడిగితే టక్కున కోసెయ్యది. మెల్లమెల్లగ మెత్తవడుతది. పాటగాడు పై శ్రుతికి పోయినప్పుడు గొంతుల సన్నటి జీర వస్తది సూడున్రి, అట్లనే. రాక్, బ్లూస్ పాటలల్ల మనమినే గిటార్ గరగర గదే.

ఈ కథ మొదలువెట్టింది కూడా రేడియో మెకానిక్కే. కాలిఫోర్నియాల ఫుల్లర్టన్ అనే ఊర్ల లియో ఫెండర్ 1938ల రేడియో రిపేరు దుకాణం పెట్టిండు. ఆ దుకాణంల నుంచే ఫెండర్ ఆంప్లు, గిటార్లు పుట్టినయి. లండన్ల డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్ దగ్గరి మనుషులు 1962ల ఫెండర్ బాస్‌మాన్ ఆంప్‌ను సూసే తమ మొదటిది కట్టిన్రు. తర్వాత పెద్ద కంపెనీలు ఎక్కువ సరుకు తియ్యవట్టినయి, తీగల జాగల ప్రింటెడ్ బోర్డులొచ్చినయి. అప్పుడు కొందరు మెకానిక్కులు చిన్న షెడ్లల్ల కూసోని పాత పద్ధతిల, ఒక్కో తీగను చేత్తోని టాకా ఏసి ఆంప్లు కట్టుడు షురూ చేసిన్రు. గవే బొటీక్ ఆంప్లు. కొత్తది రెండు మూడు వేల డాలర్లుండుడు మామూలు.

అమెరికాల డంబుల్ అని ఒకాయన ఉండె. 2022ల చనిపోయిండు. జీవితం మొత్తంల కొన్ని వందల ఆంప్లే కట్టిండు. ఆయన సర్క్యూట్ ఎవ్వరూ కాపీ కొట్టొద్దని లోపల ఎపాక్సీ జిగురు పోసేది. ఇయ్యాల ఆయన చేతి ఆంప్ లక్ష డాలర్లు దాటి కూడా అమ్ముడుపోతుంది. నేను చెప్పొచ్చేదేందంటే, బొటీక్ ధరల రెండు భాగాలుంటయి. ఒకటి పనోని చేతికూలి, అది న్యాయం. రెండోది పేరు. సెకండ్ హ్యాండ్ల కొనేటప్పుడు చేతిపనికి పైసలియ్యున్రి, పేరుకు కాదు.

నేను కాలవెట్టిన కథ

పదేండ్ల కింద మా బృందమంతా జమచేసి 22 వేలకు ఒక పాత ట్యూబ్ ఆంప్ కొన్నం. అమ్మినాయన మన మూడు పిన్నుల ప్లగ్గు ఏసి ఇచ్చిండు. ప్లగ్గు మనది కాబట్టి కరెంటు కూడా మనదే అనుకున్న. మీటింగ్ స్టేజి మీద స్విచ్ ఏసిన. పది సెకండ్లు కాలే, బుస్సుమని పొగ. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్గు మార్చిండు గని వోల్టేజి మార్చలే. ట్రాన్స్‌ఫార్మర్ బొగ్గయింది. ఆ దినం పాటలు డప్పుతోనే నడిచినయి. పైసలేసినోళ్ల మొకాలు సూడలేక వారం రోజులు బయటికి రాలే.

అందుకే ఈసారి ఒక్కన్నే పోలే. మా మండల కేంద్రంల పాత రేడియో చాచా ఉన్నడు. ఒకప్పుడు వాల్వు రేడియోలు, మైక్ సెట్లు బాగుచేసినాయన, ఇప్పుడు మిక్సీలు, మోటర్లు చేస్తున్నడు. "ఒక దినం కూలి ఇస్తం, బస్సు కిరాయి మాది, రా చాచా" అన్న. 1500 మాట్లాడుకున్నం. 70 వేల సరుకు కొనేటోడు మెకానిక్కుకు 1500 ఇచ్చేందుకు ఎనుకముందాడుతడు. గదే మన తప్పు.

చాచా ఏమేం సూసిండు?

అమ్మేటాయన అమెరికాల కొలువు చేసి తిరిగొచ్చిన మనోడే. ఆంప్ 15 వాట్లది, ఈఎల్84 ట్యూబులు రెండు, 12 ఇంచుల స్పీకర్ ఒకటి. చాచా గిటార్ వాయించనియ్యలే. ముందుగల్ల ఎన్కకు తిప్పి రాత సదివిండు: 120 వోల్టులు, 60 హెర్ట్జ్.

అంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుంటే నడవది. ఇండ్ల ఒక మతలబు ఉన్నది. 15 వాట్లంటే స్పీకరుకు పోయే లెక్క. గోడల నుంచి గుంజేది దానికి ఎన్నో రెట్లుంటది, ట్యూబులను వేడిచేసేందుకే మస్తు కరెంటు పోతది. ట్రిమ్మర్‌కు వాడే చిన్న స్టెప్ డౌన్ పనికిరాదు. 300 వాట్లకు తక్కువ తీసుకోవద్దని చాచా చెప్పిండు. ఇంకోటి, కొన్ని అగ్గువ స్టెప్ డౌన్లకు ఎర్త్ లైనే ఉండది. ఎర్త్ లేనిది ముట్టుకోవద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 60కే కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ జర ఎక్కువ వేడెక్కుతది. అందుకే గంటసేపు నడిపి సూడాలె. ఐదు నిమిషాల్ల బాగనే ఉన్న ఆంప్ అర్ధగంటకు అసలు రంగు బయటవెడుతది.

స్విచ్ ఏసినంక ఎన్క నుంచి ట్యూబులు సూసినం. లోపటి తీగ నారింజ రంగుల ఎలగాలె. గాజు మీద సన్నటి నీలం మెరుపుంటే భయపడొద్దు, అది మామూలే. నడుమనుండే లోహపు రేకు ఎర్రగ కాలితేనే ఖతర్నాక్. అప్పుడు వెంటనే బంద్ చెయ్యాలె.

తర్వాత పెన్సిల్ తోని చిన్న ట్యూబుల మీద మెల్లగ కొట్టిండు. స్పీకర్ల టక్ టక్ అని జర వస్తే ఏం కాదు. గంట కొట్టినట్టు మోగుతనే ఉంటే ఆ ట్యూబ్ మార్చాలె. బటన్లు తిప్పితే గరగర అంటే చిన్న ఖర్చు, క్లీనర్ కొడితే చానావరకు పోతది. గిటార్ పీకేసినా గుయ్‌మని మోత వస్తుంటే ఫిల్టర్ కెపాసిటర్లు పాతవడ్డయని అనుమానం. అవి పదిహేను, ఇరువై ఏండ్లకు మార్చుకోవాల్సినయే. ఆ ఖర్చు ధరల నుంచి తగ్గించమని అడగొచ్చు.

స్పీకర్ వైరు తీసి మాత్రం ఎన్నడూ ఆంప్ నడపొద్దు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతది, ఆంప్ల అన్నిటికంటే ఎక్కువ ధర పలికేది గదే. ఆంప్ మీద 8 ఓమ్స్ అని ఉంటే స్పీకర్ కూడా 8 ఉండాలె.

ఆఖరికి ప్లగ్గు పీకి, ఫ్యూజు బయటికి తీసిండు. ఎన్క రేకు మీద 2 ఆంప్స్ అని ఉన్నది. లోపల దొరికింది 5. అంటే ఇదివరకు ఫ్యూజు పోయింది. ఎందుకు పోయిందో సూడకుండ పెద్దది ఏసిన్రు. అమ్మేటాయన మొకం ఎర్రవడ్డది, తనకు తెల్వదన్నడు. కావొచ్చు. చాచా ఒక్కటే మాటన్నడు: "బేటా, ఫ్యూజు అబద్ధం చెప్పది. మనమే దాని నోరు మూస్తం." సూస్తే ఒక పెద్ద ట్యూబ్ పాడైంది. జత మొత్తం మార్చాలె. బేరం 58 వేలకు తెగింది.

ట్యూబులు ఇప్పుడు చేసేటోళ్లు తక్కువ. రష్యాల, స్లొవేకియాల, చైనాల కొన్ని ఫ్యాక్టరీలే మిగిలినయి. 2022ల ఉక్రెయిన్ యుద్ధం మొదలైనంక రష్యా ట్యూబుల ఎగుమతి కొన్నాళ్లు ఆగితే దునియా మొత్తం గిటారోళ్లు ఆగమైన్రు. కొనేముందే ట్యూబుల ఖర్చు పక్కకు పెట్టుకోవాలె. కట్టినాయన బతికున్నడా, సర్క్యూట్ పటం దొరుకుతదా, అది కూడా అడగాలె.

ఇంకో మాట. తమ్మీ, మూత ఇప్పొద్దు. లోపల 300 వోల్టులకు పైన ఉంటది. ప్లగ్గు పీకినంక కూడా కెపాసిటర్ల కరెంటు నిలిచే ఉంటది. దాన్ని ఖాళీ చేసుడు తెల్సినోళ్ల పని.

ఇంటికొచ్చినంక అసలు పని

ఆంప్ దించినం. పిల్లగాడు ప్లగ్గు పెట్టబోతుంటే చాచా చెయ్యి పట్టి ఆపిండు. బోర్డుల మూడో బొక్క ఉన్నది, దాని ఎన్క తీగ లేదు. మన ఊర్లల్ల సగం ఇండ్ల కథ ఇదే. గిటార్ తీగలు ఆంప్ రేకుకు కలిసే ఉంటయి. ఆంప్ల ఏదన్న తీగ తెగి రేకుకు తాకితే, ఎర్త్ లేకుంటే ఆ కరెంటు గిటార్ తీగల మీదికి వస్తది. ఒక చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద ఉంటే పానం పోతది. 1972ల బ్రిటన్ గిటారిస్టు లెస్ హార్వే స్వాన్సీ ఊర్ల స్టేజి మీద ఎర్త్ లేని మైకు ముట్టుకునే చచ్చిపోయిండు. మోత తగ్గుతదని కొందరు ప్లగ్గు ఎర్త్ పిన్ను కోసేస్తరు. అది మన సావు మనం కొనుక్కున్నట్టే.

రెండు దినాలు ఆంప్ ముట్టలే. పిల్లగాడే గుంత తవ్విండు. ఎలక్ట్రీషియన్ పైపు దించి బొగ్గు, ఉప్పు నింపి బోర్డుకు తీగ గుంజిండు, మీటరు పెట్టి సూసిండు. ఎండకాలం ఆ గుంతల నీళ్లు పొయ్యాలె. మూడో దినం ఆంప్ పాడింది.

ఇదంతా సదివి మీకు ట్యూబ్ ఆంప్ కావాల్నా వద్దా అని అడిగితే, నేను వద్దనే చెప్త, నేర్చుకునేటోళ్లకైతే. మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్ చాలు. కొనేటోళ్లు కూడా 100 వాట్ల మీద మోజు పడొద్దు. పది రెట్లు వాట్లు పెరిగితే చెవికి సప్పుడు రెండు రెట్లే అయినట్టనిపిస్తది. 15 వాట్లు రూముకు ఎక్కువే, స్టేజి మీదైతే ముందల మైకు పెట్టుకోవచ్చు.

గని ఒక పని మాత్రం చెయ్యున్రి. మీ మండలంల కూడా గసుంటి రేడియో చాచా ఒకాయన ఉంటడు. ఆంప్ కొన్నా కొనకున్నా నాలుగు దినాలు ఆయన దుకాణంల పక్కన కూసోన్రి. మా పిల్లగాడు ఇప్పుడు శనివారం శనివారం పోతున్నడు. ఈ నడుమనే టాకా ఏసుడు నేర్చుకున్నడు.