మీకు తెలుసా? గల్ఫ్‌లో 'మాఫీ' అంటే మన మాఫీ కాదు

మనిషిని పోలిన మనుషులు ఏడుగురు ఉంటారంటారు. మాటలకూ అంతే. దుబాయ్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న జెబెల్ అలీనే చూడండి. 1979లో ఓడరేవు, 1985లో ఫ్రీ జోన్ వచ్చాక పనికోసం దేశదేశాల వాళ్లు అక్కడికి చేరారు. కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల వైపు నుంచి గల్ఫ్ వెళ్లిన మనవాళ్లకు అరబ్బీ, ఉర్దూ, మలయాళం, ఇంగ్లిషు ఒకే పూటలో చెవిన పడతాయి. కొన్ని పొట్టి మాటలు అచ్చం తెలుగులా వినిపిస్తాయి. వాటిలో ఏవి చుట్టాలో, ఏవి ఉత్త పోలికలో చూద్దాం.

జెబెల్
అరబ్బీలో 'జబల్' అంటే కొండ. స్పెయిన్ కొసన ఉన్న జిబ్రాల్టర్ పేరులోనూ ఈ కొండే ఉంది. 711లో సముద్రం దాటి అక్కడ దిగిన సేనాని తారిఖ్ పేరిట అది 'జబల్ తారిఖ్'. యూరప్ నోళ్లలో నలిగి నలిగి జిబ్రాల్టర్ అయింది.

మాఫీ
గల్ఫ్ అరబ్బీలో 'మా ఫీ' అంటే లేదు. 'ఫీ' అంటే ఉంది, 'మా' అంటే కాదు. మన రుణమాఫీలోని మాఫీ కూడా అరబ్బీదే, కానీ వేరు వేరు. అది క్షమించి వదిలేయడం అనే అర్థమున్న 'ముఆఫ్' నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. 'ఫులూస్ మాఫీ' అని వినగానే బాకీ పోయిందని సంబరపడకండి. 'డబ్బుల్లేవు' అని దానర్థం!

యల్లా
'యా అల్లా' అనే పిలుపు జనం నోట 'యల్లా' అయింది. పద, కానివ్వు అని అర్థం. కొత్తగా చేరినవాడికి అది మన 'ఎల్లా?' లాగా, ఎవరో తనను ప్రశ్న అడిగినట్టు వినిపిస్తుంది. అడగడం లేదు, తొందరపెడుతున్నారు. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు.

కమ్
అరబ్బీలో 'కమ్?' అంటే ఎంత? ఉర్దూలో 'కమ్' అంటే తక్కువ. ఇంగ్లిషులో రమ్మనడం. మొదటిది అరబ్బీ సొంత మాట, రెండోది పారసీ నుంచి వచ్చింది, మూడోది జర్మానిక్ భాషల ఇంటిది. దుకాణంలో ముగ్గురు నిలబడి ఇదే మాట అంటే మూడు బేరాలు నడుస్తాయి.

బస్, బస్సు
గల్ఫ్‌లో 'బస్' అంటే చాలు. హైదరాబాదులోనూ చాలనే. రెండు చోట్లకూ పారసీ నుంచే వచ్చింది. పొద్దున్నే క్యాంపు నుంచి పనికి తీసుకెళ్లే బస్సు కథ వేరు. అది 'అందరికీ' అని అర్థమిచ్చే లాటిన్ మాట 'ఆమ్నిబస్'. తల తెగిపోయి తోక మిగిలింది. ఆ తోక విభక్తి ప్రత్యయంలో భాగం. మన 'అందరికీ'లో 'కీ' ఒక్కటే మిగిలి, దానికే చక్రాలు వచ్చాయనుకోండి!

మాలు, మాల్
రేవులో దిగే మాలు అరబ్బీ 'మాల్', అంటే సంపద, సొత్తు. దగ్గర్లోనే ఉన్న ఇబ్న్ బతూతా మాల్‌లోని 'మాల్' మాత్రం లాటిన్ సుత్తి! సుత్తిలాంటి కర్రతో బంతిని కొట్టే ఆటకు ఇటలీలో 'పల్లమాల్యో' అని పేరు. లండన్‌లో ఆ ఆట ఆడిన బాటకు 'మాల్' అనే పేరు పడింది. తరవాత నీడనిచ్చే నడకదారికి, చివరికి దుకాణాల సముదాయానికి అదే పేరైంది.

హాజరు, రాజీ, రంజాన్
అరబ్బీలో ఇవి హాదిర్, రాదీ, రమదాన్. ఆ 'ద' అరబ్బులు నాలుకను గట్టిగా నొక్కి పలికే ప్రత్యేకమైన ధ్వని. పారసీ నోట అది 'జ' అయింది, ఉర్దూ దాన్నే మనకు అందించింది. అందుకే మూడు మాటల్లోనూ ఒకే అక్షరం ఒకే తీరున మారింది. చుట్టరికాన్ని పట్టుకునే గుర్తు ఇదే. ఉత్త పోలిక ఒక్క మాటతో ఆగిపోతుంది. చుట్టరికమైతే వరసగా కనిపిస్తుంది.

రకం
అరబ్బీ 'రకమ్' అంటే అంకె, నంబరు. అదే మాట పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి 'విధం' అయింది. ఇక్కడ చుట్టరికం నిజం, అర్థం మాత్రం మారింది. గల్ఫ్‌లో ఎవరైనా రకం అడిగితే నంబరు చెప్పండి.

జేబు
మన జేబు అరబ్బీ 'జైబ్'. ఈ మాట వల్ల గణితంలో ఒక పెద్ద పొరపాటు జరిగింది. ఆర్యభటుడు 499 ప్రాంతంలో రాసిన ఆర్యభటీయంలో కోణాల లెక్కకు 'జ్యా' వాడాడు. జ్యా అంటే వింటినారి. అరబ్ గణితవేత్తలు దాన్ని 'జీబ' అని రాసుకున్నారు. అరబ్బీ రాతలో పొట్టి అచ్చులను సాధారణంగా రాయరు కాబట్టి జీబ, జైబ్ ఒకేలా కనిపిస్తాయి. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువదించినవాళ్లు దాన్ని జైబ్‌గా చదివి, ఒడి, బట్ట మడత అని అర్థమిచ్చే 'సైనస్'గా మార్చారు. పిల్లలు బళ్లో నేర్చుకునే 'సైన్' అదే.

పోలికను చుట్టరికం అనుకోవడం అంతటి పండితులకే తప్పలేదు. కొత్తగా గల్ఫ్ విమానం ఎక్కే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తెలిసిన మాటేనని తలూపేయకండి. కూలి, సెలవు, సంతకం విషయాల్లో మరీ ముఖ్యం. 'ఏమన్నారు?' అని మరోసారి అడగండి. అడగడంలో నామోషీ లేదు.