ఆరు నెలలు నిండిన బిడ్డకు ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి?

ఆరో నెల రాగానే ఇంట్లో అన్నప్రాశన మాట మొదలవుతుంది. ముహూర్తం చూస్తారు, పరమాన్నం నాకిస్తారు. మర్నాటి నుంచి ఏం పెట్టాలన్నది మాత్రం చాలామందికి స్పష్టంగా తెలియదు. కొందరు నాలుగు చెంచాల పప్పుకట్టుతో సరిపెడతారు. కొందరు ఏడాది దాకా పాలే చాలనుకుంటారు. ఈ రెండింటి వల్లా బిడ్డ ఎదుగుదల వెనకబడుతుంది.

ఈ వయసులో మొదలుపెట్టే తిండిని అనుబంధ ఆహారం (పాలు మాన్పించకుండా, వాటికి తోడుగా పెట్టే తిండి) అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారం మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. నీళ్లు కూడా అక్కర్లేదు. ఆరు నెలలు నిండగానే తిండి మొదలుపెట్టాలి. తల్లిపాలు రెండేళ్ల వరకు, ఆపైన కూడా ఇవ్వవచ్చు.

ఆరు నెలలకే ఎందుకు? మొదటి కారణం శక్తి. తల్లిపాలు తాగే 6–8 నెలల బిడ్డకు పాలతో అందేది కాక రోజుకు సుమారు 200 కిలోక్యాలరీలు కావాలి. 9–11 నెలలకు అది 300, ఏడాది దాటాక 550 అవుతుంది. రెండో కారణం ఇనుము. కడుపులో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, బిడ్డ తల్లి నుంచి ఇనుమును తీసుకుని దాచుకుంటుంది. ఆ నిల్వ ఆరు నెలలకు దాదాపు అడుగంటుతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువే. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో ఆ నిల్వ ఇంకా ముందే అయిపోతుంది. అందుకే వాళ్లకు డాక్టర్లు ఐరన్ చుక్కలు రాస్తారు.

ఇనుము అందకపోతే రక్తహీనత వస్తుంది. మెదడు వేగంగా పెరిగే కాలం కూడా ఇదే కాబట్టి ఆ లోటు నేర్చుకునే శక్తి మీద పడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపు ఉన్న పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది.

అలాగని మూడో నెలలోనే ఉగ్గు పెట్టడం మంచిది కాదు. అప్పటికి బిడ్డకు మెడ సరిగా నిలవదు. నోట్లో పెట్టినదాన్ని నాలుక బయటికి నెట్టేస్తుంది. పైగా తాగే పాలు తగ్గుతాయి, విరేచనాల ముప్పు పెరుగుతుంది. మెడ నిలబెట్టి, ఆసరాతో కూర్చుని, మన కంచం వైపు చెయ్యి చాస్తుంటే బిడ్డ తిండికి సిద్ధమైనట్టే.

తిండి ఎంత చిక్కగా ఉందన్నది చాలా ముఖ్యం. బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది కిలో బరువుకు సుమారు 30 గ్రాములు. అంటే ఏడు కిలోల బిడ్డ ఒక పూటకు దాదాపు 210 గ్రాములు తినగలదు. అది గంజి అయితే పొట్ట నీళ్లతోనే నిండుతుంది, బలం అందదు. అన్నం, పెసరపప్పు మెత్తగా ఉడికించి, వేళ్లతో మెదిపి, ఒక చెంచా నెయ్యి కలపండి. చెంచాను పక్కకు వంచి చూడండి. ముద్ద జారిపోకుండా నిలిస్తే చిక్కదనం సరిపోయినట్టు. రాగి జావ అయితే మొలకెత్తించి, ఆరబెట్టి, పట్టించిన పిండితో కాచండి. మొలకల్లో పుట్టే అమైలేజ్ (పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్) వల్ల పిండి ఎక్కువ వేసినా జావ గట్టిపడదు. బిడ్డ సులువుగా మింగుతుంది, బలమూ అందుతుంది.

రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి. 6–8 నెలల్లో రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగుసార్లు పెట్టాలి. ఎనిమిదో నెలకు చేత్తో పట్టుకుని తినేలా ఉడికించిన క్యారెట్ ముక్క, మెత్తని ఇడ్లీ ఇవ్వవచ్చు. ఏడాదికల్లా కారం తగ్గించిన ఇంటి వంటే తినాలి. ఎప్పుడూ మిక్సీ పట్టినదే పెడితే నమలడం అలవాటు కాదు.

మాంసం, కాలేయం, చేపల్లోని ఇనుము సులువుగా ఒంటబడుతుంది. వాటిని బాగా ఉడికించి, ఎముకలు, ముళ్లు తీసి, మెదిపి పెట్టాలి. గుడ్డు కూడా ఆరు నెలల నుంచే పెట్టవచ్చు. శాకాహారులు పప్పు, ఆకుకూరలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఇనుము బాగా ఒంటికి పడుతుంది. టీ దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి టీలో ముంచిన బిస్కెట్ వద్దు. ఏడాదిలోపు ఉప్పు, పంచదార కూడా వేయవద్దు. తేనె అసలే నాకించవద్దు. దానివల్ల బొట్యులిజం (నరాలను చచ్చుబడేలా చేసే విషప్రభావం) రావచ్చు. వేరుశనగ గింజలు గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి మెత్తగా పొడి చేసి ముద్దలో కలపాలి.

మొదటిసారి ఉమ్మేస్తే నచ్చలేదని వదిలేయకండి. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది, పదిసార్లు పట్టవచ్చు. నోరు బిగిస్తే బలవంతం చేయవద్దు. ఫోను చూపిస్తూ తినిపిస్తే ఆకలి ఎప్పుడు తీరిందో బిడ్డకే తెలియదు.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం బిడ్డ వాటా. ఇంటిల్లిపాదికీ పంచకండి. అందులో పంచదార ముందే ఉంటుంది, మళ్లీ కలపకండి. తొమ్మిదో నెల టీకాకు వెళ్లినప్పుడు తప్పకుండా బరువు తూయించండి. బరువు పెరగకపోతే డాక్టరుకు చూపించండి. ప్రతిరోజూ ముద్ద చిక్కగా ఉందా, అందులో పప్పో గుడ్డో చేపో ఉందా అని ఇంట్లో ఒకరు బాధ్యతగా చూసుకోండి.