యూరియా నిల్వపై కంపెనీ కన్ను: తాడ్వాయి అంగళ్ల లెక్క

వరి నాట్లు ముగిసి, మక్క మోకాలెత్తు పెరిగిన వేళ ఒక మంచి వాన పడితే తాడ్వాయి మండలంలో యూరియాకు గిరాకీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ నాలుగు రోజుల్లో గోదాములో సరుకున్న వర్తకుడిదే వ్యాపారం. లారీ వారం ఆలస్యమైతే అదను దాటినట్టే.

ఈ చిక్కుకు పెద్ద వ్యాపార దేశాల్లో ఒక పద్ధతి ఉన్నది. అంగడిలో సరుకెంత మిగిలిందో, రోజుకెంత అమ్ముడుపోతున్నదో తయారీదారుకు తెలియజేస్తారు. ఆర్డరు కోసం ఎదురుచూడకుండా అతడే లోటు భర్తీ చేస్తాడు. అమెరికాలో వాల్‌మార్ట్ దుకాణాలకు ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ 1980ల చివర ఈ విధంగానే సరుకు నింపసాగింది. మన ఎరువుల వర్తకంలోనూ ఇందులో సగం ఇప్పటికే అమలులో ఉండడం గమనార్హం.

పూర్వం యూరియా జిల్లాకు చేరగానే రాయితీలో 95 శాతం కంపెనీకి ముట్టేది. ఆ తరువాత బస్తా గోదాములో ఉన్నా, అమ్ముడైనా కంపెనీకి పట్టింపు తక్కువ. 2018 మార్చి నాటికి దేశమంతటా ఆ పద్ధతి మారింది. రైతు ఆధార్ చూపి, చిల్లర అంగడిలోని పాస్ మిషన్‌పై వేలిముద్ర వేశాకే కంపెనీకి రాయితీ దక్కుతుంది. 45 కిలోల బస్తాకు రైతు చెల్లించేది 266 రూపాయల 50 పైసలు. రాయితీ దానికి ఎన్నో రెట్లు. అనగా తాడ్వాయి గోదాములో మూలుగుతున్న ప్రతి బస్తాలోనూ వర్తకుడి సొమ్ముకన్న కంపెనీకి రావలసిన సొమ్మే ఎక్కువ. ఏ అంగడిలో ఎన్ని బస్తాలున్నవో కేంద్ర ఎరువుల శాఖ కంప్యూటరు లెక్కలో కనబడుతుంది.

పేచీ ఆ లెక్కలోనే వస్తున్నది. రద్దీ రోజున నెట్‌వర్కు అందక, వేలిముద్ర పడక, సరుకు ముందు ఇచ్చి మిషన్‌లో తరువాత ఎక్కిద్దామనుకునే అలవాటు కొందరికి ఉన్నది. అప్పుడు గోదాము ఖాళీ, మిషన్‌లో మాత్రం నిల్వ నిండుగా! పైవారు చూసేది మిషన్ లెక్కనే. సరుకున్నట్టు కనబడితే తరువాతి లారీ ఇంకో ఊరికి మళ్లుతుంది. కొందరి పద్దు తప్పితే మండలమంతటికీ కోత పడే ప్రమాదం ఉన్నది.

అయితే తప్పంతా వర్తకుడిదనడం న్యాయం కాదు. యూరియా కేటాయింపు ప్రభుత్వ అదుపులోని వ్యవహారం. నెలవారీ కోటా ఢిల్లీలో రాష్ట్రాల లెక్కన తయారవుతుంది, తాడ్వాయిలో పడిన వానను బట్టి కాదు. 2018లో డీలరు కమీషను టన్నుకు 354 రూపాయలుగా ఖరారు చేశారు. అంటే బస్తాకు సుమారు 16 రూపాయలు. హమాలీ, గోదాము అద్దె, ముందే కట్టిన పైకానికి వడ్డీ, అన్నీ అందులోనే సరిపెట్టుకోవాలి.

2025 వానాకాలంలో దిగుమతులు ఆలస్యమైనవి. సాలుకు 12.7 లక్షల టన్నుల ఉత్పాదక శక్తిగల రామగుండం కర్మాగారం కూడా కొంతకాలం ఆగిపోయింది. తెలంగాణలో రైతులు సహకార సంఘాల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి కాచుకున్నారు. సరుకే లేనప్పుడు లెక్క శుభ్రంగా ఉన్నా లాభం లేదు. కాని ఉన్న కొద్ది సరుకు ఏ ఊరికి వెళ్లాలన్నప్పుడు ఆ లెక్కకే విలువ.

సీజనుకు ముందు మార్క్‌ఫెడ్ ముందస్తు నిల్వలు పెట్టే పద్ధతి ఉన్నదే. కంపెనీలు కూడా తమ ఖాతాలోనే మండల గోదాముల్లో సరుకు దించి, అమ్మిన మేరకు వారం వారం డబ్బు వసూలు చేసుకోవచ్చు. రాయితీ ఎలాగూ అమ్మకం తరువాతే వస్తున్నది కనుక, వర్తకుడి వద్ద ధర ముందే పట్టుకోవడం వల్ల కంపెనీకి మిగిలే వడ్డీ స్వల్పం. అది జరిగేవరకు, సాయంత్రం అంగడి మూసేముందు బస్తాలు లెక్కించి మిషన్ నిల్వతో సరిచూసుకోవడం, తేడా ఉంటే మరునాడే మండల వ్యవసాయాధికారి దృష్టికి తేవడం వర్తకుల చేతిలోని పని.