దారి తప్పిన కోరపన్ను

ధర్మపురి అనగానే గోదావరి, నరసింహస్వామి గుర్తొస్తారు. కోరలంటే స్వామివే! మరి మన పిల్లల కోరపళ్ల సంగతో?

పై కోరపన్ను సాధారణంగా 11, 12 ఏళ్లకు వస్తుంది. దారి తప్పితే ఎముకలోనే అడ్డంగా ఉండిపోతుంది. జ్ఞానదంతం తర్వాత ఎక్కువగా ఇరుక్కుపోయేది ఇదే. నొప్పి ఉండదు, పాలపన్ను ఊడదు. ‘అదే వస్తుందిలే’ అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. ఈలోగా అది పక్కపళ్ల వేళ్లను అరగదీయొచ్చు.

ఆచూకీ చెప్పేది ఎక్స్‌రే. 1895లో రాంట్జెన్ దాన్ని కనిపెట్టాడో లేదో, 1896 జనవరిలోనే జర్మనీ దంతవైద్యుడు ఒట్టో వాల్‌కాఫ్ తన పళ్లనే ఫొటో తీసుకున్నాడు... 25 నిమిషాలు కదలకుండా! ఇప్పుడది సెకన్ల పని.

స్వీడన్ వైద్యులు ఎరిక్సన్, కురోల్ 10-13 ఏళ్ల పిల్లల్లో అంగిలివైపు మళ్లిన కోరపళ్లకు అడ్డున్న పాలపళ్లు తీసి చూశారు. 46 కోరపళ్లలో 36 వాటంతటవే దారికొచ్చాయి. 1988లో వెలువడిన ఫలితమిది.

అందుకే పదేళ్లు నిండిన పిల్లల పై చిగుళ్లను ఓసారి వేలితో తడిమి చూడండి. రెండువైపులా కోరపన్ను ఉబ్బు తగలకపోతే దంతవైద్యుడికి చూపించండి. ఆలస్యమైతే చిగురు కోసి, క్లిప్పులతో పన్నును కిందికి లాగాల్సి రావచ్చు. ముందే చూస్తే పాలపన్ను తీయడంతోనే సరిపోవచ్చు!